మిగిలిన రెండు చుక్కలు

పూరీ గేట్ దగ్గర టోటో, ఆ బ్యాటరీ ఆటో, మలుపు తిరిగేసరికి ప్రియదర్శినికి తన ముఖం కనిపించింది.

రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టిన ఫ్లెక్సీ మీద ఉంది అది. తలుపంత ముఖం. గడ్డం మీద పుట్టుమచ్చ లేదు, ఎవరో తుడిచేశారు. పెదవులకు ఆమె ఎన్నడూ వేసుకోని రంగు. ముఖానికి ఎడమవైపు తెల్ల బోర్డు, బోర్డు మీద ఆమె చెయ్యి, చేతిలో మార్కర్, మార్కర్ కొసన ఒక బొమ్మ. కింద మూడు భాషల్లో పసుపు అక్షరాలు. తెలుగులో ఇలా ఉంది: 'ముగ్గు మేడం గారి ముగ్గు మెథడ్. ఒక్క చుక్క వదలొద్దు. ఒక్క మార్కు వదలొద్దు.'

ముఖాన్ని ఎలాగో భరించేది. బొమ్మను చూశాక నోట్లో పుల్లటి నీళ్లు ఊరాయి.

మధ్యలో ఆక్సిజన్. చుట్టూ మూడు హైడ్రోజన్లు, మూడు రేకుల పువ్వులా, చదునుగా. రెండు హైడ్రోజన్లకు ఒక్కో గీత. మూడోదానికి రెండు. హైడ్రోజన్‌కు రెండు గీతలంటే, సంగతి తెలిసిన వాళ్లకు, చొక్కాకు మూడో చెయ్యి కుట్టినట్టు ఉంటుంది. ఆ మూడో చెయ్యి ఆమె చేతిరాతలో ఉంది. మార్కర్ పట్టుకున్న పద్ధతి ఆమెదే. మణికట్టు మీద గాజు ఆమెదే.

టోటోలో పక్కన కూర్చున్న ఆవిడ ఫ్లెక్సీ వైపు, ప్రియదర్శిని వైపు మార్చి మార్చి చూసి, "దీదీ, ఆప్నార్ ఛోబి?" అని సంబరంగా అడిగింది.

ఆ ఫొటో తనది కాదని ప్రియదర్శిని బెంగాలీలోనే చెప్పింది. ప్రేమ్ బజార్ వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఆమె తండ్రి రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగం అయిపోయాక ఎక్కువ కాలం బతకలేదు. క్వార్టర్ ఖాళీ చేసి తల్లీకూతుళ్లు మలంచాలో రెండు గదుల ఇంటికి మారారు. తల్లి కనకమ్మ విజయనగరం వైపు నుంచి పెళ్లయి బెంగాలీ వాళ్ల ఈ రైల్వే ఊరికి వచ్చిన మనిషి. బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు, కూరగాయల వాళ్లతో ఒరియాలో దెబ్బలాడటం వచ్చు. ప్రియదర్శిని కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఒక స్కూల్లో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పింది. ఆ కాంట్రాక్టు తీరిపోయాక ప్రేమ్ బజార్లో బాలసుబ్రహ్మణ్యం నడిపే కోచింగ్ సెంటర్లో చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లకు, "ఇంకో మనిషి తువ్వాలు వాసన నాకు పడదండీ" అని చెప్పేది. సరదాకు అంటోందనుకుని నవ్వేవారు. ఆమె సరదాకు అనలేదు.

వెగటు ఆమెకు చిన్నప్పటి నుంచీ త్వరగా పుట్టేది. సగం తుడిచిన బోర్డు చూస్తే పుట్టేది. వేలు నాలుకకు తడుపుకుని పేజీ తిప్పేవాళ్లను చూస్తే పుట్టేది. పొద్దున మూతపెట్టి మధ్యాహ్నం తెరిచిన టిఫిన్ డబ్బా, మెట్ల మూలల్లో పాన్ ఉమ్ములు, ఏసీ గదిలో నలభైమంది తడి బూట్లు. వీటన్నిటికన్నా ఎక్కువగా, లెక్క వేయకుండా ఊహించి రాసిన జవాబు. అది సరైనదైతే ఇంకా రోత. "రోడ్డు మీద దొరికింది జేబులో వేసుకున్నట్టుంది" అనేది పిల్లలతో.

వెగటు పుట్టించనివి కొద్దిగానే ఉండేవి. చిన్న చిన్న అయాన్ల బొమ్మలు గీయడం అందులో ఒకటి. దానికి ఒక క్రమం ఉంది. ముందు ఎవరు ఎన్ని చుక్కలు తెచ్చారో లెక్కపెట్టాలి. చుక్క అంటే బయటి పొరలోని ఒక ఎలక్ట్రాన్. అయాన్ మీద మైనస్ ఉంటే చుక్కలు కలపాలి, ప్లస్ ఉంటే తీసేయాలి. ఇద్దరి మధ్య రెండేసి చుక్కలు ఖర్చుపెట్టి గీత గీయాలి. మిగిలినవాటిని జంటలుగా ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి. ఆకారం ఆ తర్వాతి మాట. జంటలకు ఒకదానికొకటి గిట్టదు. వీలైనంత దూరం జరుగుతాయి. ఆ జరగడమే ఆకారం.

ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గేది. గిట్టకపోవడం నుంచి కూడా ఒక రూపం పుడుతుందని ఆమెకు ఇంట్లో గానీ గుళ్లో గానీ ఎవరూ చెప్పలేదు. ఇంట్లో వాళ్లు సర్దుకోమన్నారు. గుళ్లో అందరినీ ప్రేమించమన్నారు.

ఏ గీతలోనూ కలవకుండా మిగిలిపోయే జంట మీద ఆమెకు గౌరవం ఎక్కువ. ఆకారానికి పేరు పెట్టేటప్పుడు దాన్ని ఎవరూ తలవరు. అయినా మిగతా వాళ్లందరినీ పక్కకు నెట్టి నిలబెట్టేది అదే.

సెంటర్లో సగం మంది తెలుగు పిల్లలు. వాళ్లు ఒక తప్పు చేసేవారు, బెంగాలీ పిల్లలు చేయనిది. ఆడపిల్లలే ఎక్కువగా చేసేవారు. మిగిలిన జంటను మిగలనిచ్చేవారు కాదు. ఎక్కడో ఒకచోట గీతగా లాగి కలిపేసేవారు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే. దీని వేరు ఎక్కడుందో ఆమెకు చాలాకాలం అంతుపట్టలేదు.

ఒక శుక్రవారం పొద్దున తల్లి గుమ్మం ముందు వంగి ముగ్గు వేస్తుంటే ఆ వేరు పట్టుబడింది. చుక్కల ముగ్గులో గీత చుక్కను కలుపుతుంది, లేకపోతే చుట్టుకుని పోతుంది. ఏ చుక్కా ఒంటరిగా ఉండిపోకూడదు. ఉంటే వేసిన పిల్లకు చెయ్యి కుదరలేదంటారు. ఆ పిల్లల వేళ్లు నడక నేర్చిన కొత్తలోనే ఆ సంగతి నేర్చుకున్నాయి. బెంగాలీ ఇళ్లలో వేసే ఆల్పనలో చుక్కలుండవు. పిండి నీళ్లలో వేలు ముంచి తిన్నగా తీగ సాగదీస్తారు. వదిలేసిన చుక్క వాళ్ల పిల్లలను బాధపెట్టదు.

ఆ వారమే శ్రీవిద్య బోర్డు దగ్గరికి వచ్చింది. పదకొండో తరగతి పిల్ల, గోల్ బజార్లో గిన్నెల కొట్టు వాళ్ల అమ్మాయి. శ్రద్ధగలది. నీటికి ఇంకో హైడ్రోజన్ వచ్చి చేరితే అయ్యే అయాన్‌ను, హైడ్రోనియంను, గీయమంటే గీసింది.

"ఈ హైడ్రోజన్‌కి రెండు గీతలేటే?" అని అడిగింది ప్రియదర్శిని.

"రెండు సుక్కలు మిగిలిపోనాయి మేడం."

"మిగిలిపోతే మిగలనీ."

"బాగోదు కదా మేడం."

క్లాసు గొల్లుమంది. ప్రియదర్శిని నవ్వలేదు. పిల్ల నిజమే చెప్పింది. బాగోదు.

ఆమె మార్కర్ తీసుకుని బోర్డుకు ఎడమవైపు మొదటినుంచీ గీసింది. ఆక్సిజన్ ఆరు చుక్కలతో వచ్చింది. మూడు హైడ్రోజన్లు ఒక్కోటి తెచ్చాయి. మొత్తం తొమ్మిది. ప్లస్ ఉంది కాబట్టి ఒకటి పోయి ఎనిమిది. మూడు గీతలకు ఆరు ఖర్చు. రెండు మిగిలాయి.

"మనింట్లో అయితే ఏటి చేస్తాం? కలిపేస్తాం," అంటూ ఆ రెండింటినీ ఒక హైడ్రోజన్ మీదికి రెండో గీతగా లాగింది. "ఇప్పుడు చూడండి. హైడ్రోజన్ దగ్గర రెండు చుక్కలకే చోటు. మనం నాలుగు మోపేసినాం. పైన నెట్టేది ఏదీ లేదు, అంతా చదునుగా పడిపోయింది. ఇది ముగ్గు. అయాన్ కాదు."

తర్వాత కుడివైపు గీసింది. అవే మూడు గీతలు, కాని కాళ్లలా కిందికి వంగి. ఆక్సిజన్ నెత్తిన రెండు చుక్కలు, దేనితోనూ కలవకుండా.

"ముక్కాలి పీట. పైన ఎవరో కూర్చున్నారు. కనబడరు. కాళ్లు వంగినాయంటే వాళ్లు ఉన్నట్టే. ఆ రెండింటినీ ముట్టుకోకండి. వదిలేయండి."

"వదిలేసినా లెక్కలో ఉన్నట్టేనా మేడం?" అంది శ్రీవిద్య.

"లెక్కలో ఉన్నట్టే."

తలుపు దగ్గర బాలసుబ్రహ్మణ్యం ఫోను పట్టుకుని ఉన్నాడు. అప్పుడప్పుడు అలా నిలబడి క్లాసులు వీడియో తీస్తాడు. బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్లిపోయాడు. ఆ పూట అంతకుమించి ఏమీ జరగలేదు.

ఇప్పుడు ఆమె టోటో దిగి మెట్లెక్కి నేరుగా అతని గదిలోకి వెళ్లింది. మల్లెపూల స్ప్రే కొట్టిన గది. స్ప్రే కింద నిన్నటి వంకాయ బజ్జీల నూనె వాసన. బాలసుబ్రహ్మణ్యం ఆమె తండ్రికి దూరపు చుట్టం. చిన్నప్పటి నుంచి ఆమెకు బాలు మావయ్య. సెంటర్లో మాత్రం సార్ అనాలని చేరిన రోజే చెప్పాడు.

"రామ్మా ముగ్గు మేడం! సూసినావా? ఒక్కటే వేసినాను గానీ పూరీ గేట్ కాడ వేసినాను. ఊరు ఊరంతా అటే తిరగాల."

"బొమ్మ తప్పు సార్."

"నీ బొమ్మా? బాగానే వచ్చినావు కదమ్మా. ఇంకొంచెం తెల్లగా సెయ్యమన్నాను కూడా."

"నా బొమ్మ కాదు. అయాన్ బొమ్మ."

"అదీ నీదే కదా. సెయ్యి నీదే."

"తప్పు ఎలగ ఉంటుందో చూపించడానికి గీసినాను. పక్కనే ఒప్పు కూడా గీసినాను. అది ఏది?"

అతను పుల్లతో పన్ను కుట్టుకున్నాడు. పుల్ల కొసను వెలుగులో చూసుకున్నాడు. "రోడ్డు మీద పోయేవోడికి తప్పేటో ఒప్పేటో తెలుస్తాదేటమ్మా? గుండ్రంగా, సక్కగా, ముగ్గులాగ ఉంది. మనోళ్లకి ఇంట్లోది అనిపిస్తాది. బెంగాలీవోళ్లకి కొత్తగా ఉంటాది. రెండోది ఏటది, సిరిగిపోయిన గొడుగులాగ."

"పిల్లలు చూస్తారు."

"పిల్లలకి క్లాసులో నువ్వున్నావు కదా."

"దింపించండి సార్."

"దింపడమేటి! ఆదివారం పేరెంట్స్ మీటింగు పెట్టినాను. డెమో నువ్వే. అడ్మిషన్లు అయిపోనీ, మలంచాలో బ్రాంచి తెరుస్తాను, కెమిస్ట్రీ హెడ్డు నువ్వే. ఆ మాట సెప్దామనే పిలుద్దామనుకున్నాను."

"బాలు మావయ్యా…"

"సార్ అను."

అని, ఆ పుల్లను గ్లాసులో మిగతా పుల్లల మధ్య మళ్లీ పెట్టేశాడు. ఆమె ఆ గ్లాసు వైపు చూసింది. బయటికి వచ్చి కుళాయి కింద చేతులు కడుక్కుంది. దేన్నీ ముట్టుకోలేదు. అయినా కడుక్కుంది.

ఇంటికి వెళ్తే కనకమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలోనే కాసుకుని ఉంది.

"ఓలమ్మో, అంత పెద్ద మొఖం ఏసేసినారంట! నిలబడు, దిష్టి తీస్తాను. పక్కింటి దీదీ ఫోనులో సూపించింది."

"అమ్మా, అది తప్పు బొమ్మ."

"ఏది తప్పు? అన్ని సుక్కలూ కలిసినాయి కదా."

"కలవకూడదు. రెండు విడిగా ఉండాలి."

కనకమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. "సుక్క వదిలేస్తే అది ముగ్గెలాగ అవుద్దే?"

"ముగ్గు కాదమ్మా."

"మరి ముగ్గు మేడం అని రాసినారు కదా," అంది కనకమ్మ. దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఆ ఘాటు ఇల్లంతా కమ్మింది. ప్రియదర్శిని దగ్గుతూ బయట మెట్టు మీద కూర్చుంది. సొంత తల్లికి చెప్పలేనిది ఊరికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. నలుగురూ ఒక రోజు నవ్వి మర్చిపోతారులే అని సరిపెట్టుకోవడానికి చూసింది.

శనివారం క్లాసు అయ్యాక శ్రీవిద్య ఆగిపోయింది. బ్యాగు భుజానికి తగిలించుకుని, తీసి, మళ్లీ తగిలించుకుంది.

"స్కూల్లో టెస్టు పెట్టినారు మేడం. హైడ్రోనియం అడిగినారు. తప్పు కొట్టేసినారు."

"నేను చెప్పినట్టు రాయలేదా?"

"ముందు అలాగే రాసినాను మేడం. రెండు సుక్కలూ వదిలేసినాను. తర్వాత పూరీ గేట్ కాడ బోర్డు గుర్తొచ్చినాది. అది క్లాసు తర్వాత వేసిందే కదా. మీరు మార్సుకున్నారేమో అనుకున్నాను. కలిపేసినాను."

ప్రియదర్శిని బెంచీ అంచు పట్టుకుంది. దాని కింద ఎవరో అంటించిన చూయింగ్ గమ్ వేలికి తగిలింది. మెత్తగా ఉంది. చెయ్యి తీయలేదు.

"మా టీచరు నవ్వినాది మేడం. మీ ముగ్గు మేడం నేర్పినాదా అని." ఆ పిల్ల ఫిర్యాదు చేయడం లేదు. నిజంగా తెలుసుకోవాలని వచ్చింది. "ఇప్పుడు ఏది నమ్మాల మేడం?"

"నన్ను నమ్ము."

"రెండూ మీరే కదా మేడం."

అంతవరకూ ఆ ఫ్లెక్సీ ఆమె ముఖం మీద పడిన ఉమ్మిలా ఉండేది. తుడుచుకుంటే పోయేలా ఉండేది. ఇప్పుడు అది ఈ పిల్ల పుస్తకాల సంచిలోకి దూరింది. పూరీ గేట్ మీదుగా స్కూలుకు వెళ్లే ప్రతి పిల్ల సంచిలోకీ దూరుతుంది. అది దిగాలి. లేకపోతే ఆమె బోర్డు మీద ఏం గీసినా ఎవరూ నమ్మనక్కర లేదు.

ఆదివారం పొద్దున హాలు నిండింది. రైల్వే ఆఫీసుల వాళ్లు, బడి పంతుళ్లు, కొట్ల వాళ్లు. సమోసాలు పంచారు. నూనె చేతులు కుర్చీల వీపులకు తుడుచుకున్నారు. బాలసుబ్రహ్మణ్యం మైకు ఊది చూసి, "మన ముగ్గు మేడం!" అన్నాడు. చప్పట్లు.

ఆమె ఎడమవైపు ఫ్లెక్సీ మీద ఉన్న బొమ్మే గీసింది. కుడివైపు అసలుది గీసింది. నెమ్మదిగా, చుక్కలు లెక్కపెడుతూ. తర్వాత హాలు వైపు తిరిగింది.

"పూరీ గేట్ దగ్గర నా ఫొటో పక్కన ఉన్నది ఈ ఎడమవైపుది. అది తప్పు. హైడ్రోజన్ అన్ని చుక్కలు మొయ్యలేదు. మీ పిల్లలకు ఈ మాట ఇంటికెళ్లి చెప్పండి. ఆ బోర్డు దింపించమని సార్‌ని మీరు కూడా అడగండి."

బాలసుబ్రహ్మణ్యం మైకు లాక్కున్నాడు. అతని ముఖంలో ఎక్కడా తడబాటు లేదు.

"సూసినారా! ఇదండీ మా సెంటర్ స్పెషల్! ముందు తప్పు సూపిస్తాం, తర్వాత ఒప్పు సూపిస్తాం. జన్మలో మర్సిపోరు!"

ముందుకన్నా పెద్ద చప్పట్లు. మూడో వరసలో ఒకాయన లేచి, "మేడం, పరీక్షలో బొమ్మ గీయమనరు కదండీ. నాలుగు జవాబులిస్తారు, ఒకటి టిక్కు పెట్టడమే. దానికి ఏదైనా షార్ట్‌కట్టు ఉందేటి?" అని మర్యాదగా అడిగాడు.

ప్రియదర్శిని ఆయన్ని చూసింది. ఆయన మీసానికి బంగాళాదుంప ముక్క అంటుకుని ఉంది. ఆ క్షణాన ఆమెకు ఆయన మీద కోపం లేదు, బాలసుబ్రహ్మణ్యం మీద కూడా లేదు. వాంతి ముందర వచ్చే చల్లదనం మాత్రం ఉంది. ఏ మాట వేసినా ఈ హాలు మింగేస్తుంది. ఉమ్మినా చప్పట్లు కొడుతుంది.

మార్కర్‌కు మూత పెట్టి బల్ల మీద పెట్టింది. "రేపటి నుంచి నేను రాను సార్" అంది, మైకు పట్టుకున్న చేతికి దగ్గరగా, అందరికీ వినబడేలా.

"ఆర్టిస్టు మనిషండి, కోపమెక్కువ" అన్నాడు అతను హాలుతో. గుమ్మం దాకా వెంట వచ్చి, గొంతు తగ్గించి, నవ్వు చెదరకుండా చెప్పాడు: "ఎల్తే ఎల్లు. నీ మొఖం ఇక్కడే ఉంటాది."

ఫ్లెక్సీ మీద కింది మూలన వేసిన వాళ్ల పేరు చిన్న అక్షరాల్లో ఉంది. జాన్ పాల్, మలంచా. సోమవారం ఆమె ఆ దుకాణం వెతుక్కుని వెళ్లింది. లోపల మిషన్ కరకరలాడుతూ ఒక రాజకీయ నాయకుడి మెడను బయటికి తోస్తోంది. రంగు ద్రావకం వాసన కళ్లలోకి ఎక్కుతోంది. ఆ వాసనకు పేరు ఆమెకు తెలుసు. పేరు తెలిసినంత మాత్రాన తగ్గలేదు.

జాన్ పాల్ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. "మచ్చ తీసేసినందుకు తిట్టడానికి వచ్చినావా దీదీ? సార్ తియ్యమన్నాడు."

"ఆ బోర్డు దింపాలి."

"ఆర్డరు ఇచ్చినోడు దింపమంతే దింపుతాను. లేకపోతే ఈ బజార్లో నాకు ఇంకో ఆర్డరు రాదు."

"అందులో కుడిపక్క ఇంకో బొమ్మ ఉండాలి. ఏమైంది?"

అతను కంప్యూటర్లో వెతికి, సార్ వీడియోలోంచి తీసిన అసలు ఫొటో తెరిచాడు. బోర్డు మొత్తం ఉంది. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు, ఆమె గీసినప్పటిలాగే, మార్కర్‌తో తప్పును చూపిస్తున్న చెయ్యితో సహా. "ఈ పక్కది లేపెయ్యమన్నాడు. నీ మొఖానికి జాగా కావాల కదా."

ఒప్పు ఉన్న చోటే ముఖం వేశారు. సరిగ్గా దాని మీద. ఇన్ని రోజులూ ఆ ఫ్లెక్సీలో ఆమెను వికారపెట్టింది బొమ్మ అనుకుంది. ఆ ముఖం ఒక్కటే తప్పుకుంటే చాలు, ఒప్పు మళ్లీ కనబడుతుంది.

"జాన్ పాల్ బాబూ, ఆ బోర్డు సార్‌ది. ముఖం ఎవరిది?"

అతను మెడ గోక్కున్నాడు. "నీదే."

"వేసేముందు నన్ను అడిగినారా?"

"నేదు. నాతో అడిగినామనే అన్నాడు." కాసేపు ఆలోచించాడు. అతని మొహం మెల్లగా వెలిగింది. "ఓహో! నీ మొఖం మీద నువ్వేటైనా అంటించుకుంటానంటావు. ఆర్డరు నీది. బోర్డు దింపనక్కర్నేదు. ఠీక్ హై దీదీ. అలాగైతే నన్నెవడూ అడగడు."

కుడివైపు బొమ్మను ముఖమంత సైజుకు పెంచాడు. పెంచేకొద్దీ మార్కర్ గీతలు తాళ్లలా లావయ్యాయి. మౌసు కొస ఆక్సిజన్ నెత్తి మీదికి వెళ్లింది.

"ఇక్కడ రెండు మరకలున్నాయి. తుడిచేస్తానుండు."

"చెయ్యి తియ్యి!"

ఆ అరుపుకు అతను కుర్చీలో వెనక్కి వాలాడు. మిషన్ దగ్గర ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

"అవి మరకలు కావు," అంది ప్రియదర్శిని, మామూలు గొంతుతో. "వాటి కోసమే వచ్చినాను."

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే పూరీ గేట్ దగ్గర జాన్ పాల్ నిచ్చెన వేశాడు. బ్రష్షుతో ముఖం మీద జిగురు పూశాడు. జిగురు కళ్లలోంచి కారి పెదవుల రంగు మీదుగా గడ్డం మీదికి జారింది. కింద చుట్టిన కాగితాన్ని ప్రియదర్శిని అందించింది. ఆమె వేళ్లకూ జిగురు అంటింది. ముందు నుదురు పోయింది. తర్వాత కళ్లు, నోరు. ఆఖరున గడ్డం, మచ్చ లేని గడ్డం. ముఖం పూర్తిగా కప్పుకుపోయాక ఆమెకు ఒక్కసారిగా ఊపిరి ఆడింది.

ఎడమవైపు చదునుగా పడిపోయిన ముగ్గు. కుడివైపు ముక్కాలి పీట, పైన రెండు చుక్కలు. కింద పసుపు అక్షరాలు అలాగే ఉన్నాయి: ఒక్క చుక్క వదలొద్దు. తప్పు మీద ఎర్ర అడ్డగీత కొడతావా అని ఆమె అడిగితే జాన్ పాల్ ఒప్పుకోలేదు. "అది సార్‌ది దీదీ. నీ మొఖం వరకే నాకు ఆర్డరు."

రోడ్డు మీద వాళ్లు ఆగి చూసి వెళ్తున్నారు. ఇక్కడో మేడం ఉండేది ఏమైందని ఒక టోటో డ్రైవరు అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

స్కూలు నుంచి వస్తూ శ్రీవిద్య సైకిల్ ఆపింది. ఒక కాలు నేల మీద పెట్టి పైకి చూసింది.

"రెండూ వేసినారేటి మేడం?"

"వేసినాం."

"ఏది ఒప్పో రాయనేదు."

"రాయలేదు. నువ్వు చెప్పు."

ఆ పిల్ల ముందు ప్రియదర్శిని ముఖం వైపు చూసింది. అక్కడేమైనా దొరుకుతుందేమోనని. ప్రియదర్శిని తల పక్కకు తిప్పుకుంది. అప్పుడు శ్రీవిద్య హ్యాండిల్ మీద వేళ్లు విప్పింది. ఆరు. మూడు. ఒకటి ముడిచింది. గీతలకు ఆరు పక్కన పెట్టింది. రెండు వేళ్లు మిగిలాయి. వాటిని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుంది.

"ఎడం పక్కది తప్పు మేడం. హైడ్రోజన్ మొయ్యనేదు."

"నేను చెప్పినాననా?"

"కాదు. లెక్కెట్టినాను." పైకి మళ్లీ చూసింది. "సూడ్డానికి మాత్రం అదే బాగుంది."

"అవును," అంది ప్రియదర్శిని. "అదే బాగుంటుంది."

శ్రీవిద్య పెడల్ తొక్కుకుని వెళ్లిపోయింది. జాన్ పాల్ నిచ్చెన మడిచి బండి మీద కట్టుకున్నాడు. రేపు బాలసుబ్రహ్మణ్యం చూస్తాడు. ఎల్లుండి ఆ రెండూ ఉండకపోవచ్చు. మరో ఉద్యోగం ఎక్కడ వెతకాలో ఆమె ఇంకా ఆలోచించలేదు.

వేళ్ల మీద జిగురు ఆరి చర్మాన్ని లాగుతోంది. వాసన చూసింది. చేపల సంత ఎత్తేశాక మిగిలే నీళ్ల కంపు. మొహం చిట్లించి, ఆ చేతిని ఒంటికి దూరంగా, దేనికీ తగలకుండా పట్టుకుని, ఇంటివైపు నడిచింది.